మస్కట్ పెద్దమ్మ

షినాస్ నుంచి మస్కట్ వెళ్లే బస్సులో ఒక కడపావిడ నా పక్కన కూర్చుంది. ఇద్దరం తెలుగువాళ్ల ఇళ్లలోనే పని చేస్తున్నాం, వీడియో క్యాసెట్లలో ఒకే సీరియల్ చూస్తున్నాం. అందులో తల్లి వేషం వేసే నటి మధ్యలో మానేస్తే ఇంకో ఆవిడను పెట్టారు.

"కథ ఏళ్ల తరబడి సాగదీస్తే అన్నాళ్లు ఏడవడం ఎవరివల్లవుద్దండీ," అన్నాను.

"సీరియల్లో ఆ బిడ్డ కొత్తామెను గూడా అమ్మా అనే అనింది గదక్కా," అందావిడ.

దిగేముందు చెప్పింది. "పాపను మా చెల్లెలి దగ్గర పెట్టి వచ్చి ఆరేండ్లయింది. మొన్న ఇంట్లో మాటలు రికార్డు చేసి క్యాసెట్ పంపినారు. చెల్లెల్ని అమ్మా అంటాంది. నన్నేమో 'మస్కట్ పెద్దమ్మా, బాగుండావా' అనింది."

ఆ నెల, ఊళ్లో వదిలొచ్చిన మా అబ్బాయి మాటల క్యాసెట్ వచ్చింది. వారం దాకా వినలేదు.