హాజరుకాని అయిదో తరగతి

నాకు కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అబద్ధమేమీ కాదు. ఆ కోపంతో చేసిన పనులు చాలావరకు నవ్వుతూ చెప్పుకోగలను. ఇదొక్కటి మాత్రం చెప్పలేను.

పంతొమ్మిదివందల అరవైల మొదట్లో నెల్లూరులో ఉపాధ్యాయ శిక్షణ ముగించి పరిశోధనలో చేరాను. ఒకే టీచరున్న బడిలో పిల్లలకు చదువు బాగా వస్తుందా, ఇద్దరున్న బడిలోనా అన్నది నా విషయం. అచ్చువేసిన ప్రశ్నపత్రాలు సంచిలో పెట్టుకుని, వాకాడు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పాళేలన్నీ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ తిరిగాను.

ఒక సోమవారం, నాలుగో తరగతి దాకానే ఉన్న ఒంటి టీచరు బడిలో పరీక్ష పెట్టాను. ఎడమచేత్తో రాసే పదేళ్ళ పిల్ల ఒకతె లెక్కలన్నీ తప్పు లేకుండా చేసింది. ముచ్చటేసి నా ఎర్ర పెన్సిలు ఆ పిల్లకే ఇచ్చేశాను.

బుధవారం పక్క పాళెంలో ఇద్దరు టీచర్లున్న బడికి వెళ్ళాను. ఆ బడికి అయిదో తరగతి కొత్తగా వచ్చింది. పిల్లలు చాలకపోతే ఆ తరగతినీ, రెండో టీచరునూ తీసేస్తారు. అప్పుడు అయిదు చదవాలంటే పడవలో ఉప్పుకాలువ దాటి అవతలి ఊరికి పోవాలి. మగపిల్లలైతే పోతారు. ఆడపిల్లల్ని పంపేవాళ్ళు ఆ ఒడ్డున ఎవరూ లేరు.

కాగితాలు పంచుతుంటే మూడో వరసలో నా ఎర్ర పెన్సిలు కనిపించింది. ఎడమచేతిలోనే ఉంది. పేరు అడిగాను. ఆ పిల్ల టీచరమ్మ మొహం చూసి వేరే పేరు చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

టీచరమ్మను బయటికి పిలిచాను. నలభై దాటిన మనిషి, తెల్లచీర, మెడలో చిన్న సిలువ.

"ఈ పిల్ల ఎవరు?"

ఆమె దాచలేదు. "పక్క పాళెం పిల్లేనమ్మా. అయిదులో కూర్చున్నోళ్ళంతా అక్కడోళ్ళే. ఇన్‌స్పెక్షను అనుకున్నాం. మాకు తక్కువైతే వాళ్ళు పంపుతారు, వాళ్ళకి తక్కువైతే మేం పంపుతాం. ఎప్పుడూ జరిగేదే."

"నేను వచ్చేది తనిఖీకి కాదని ఉత్తరం రాశాను కదా?"

"కాగితాలు పట్టుకుని తలకాయలు లెక్కపెట్టే వాళ్ళంతా మాకు ఒకటేనమ్మా."

"మరి మీ పిల్లలేరీ?"

"పొద్దున్నే చేప కనపడింది. మా పిలకాయలు పెద్దోళ్ళతో కలిసి అలివి వల లాగను పోయినారు. వల ఒడ్డుకి చేరితే వచ్చేస్తారు. మధ్యాహ్నం దాకా ఉండండమ్మా. బాగా చదవతారు, మీరే చూద్దురు."

నేను వినే స్థితిలో లేను. నన్ను వెర్రిదాన్ని చేశారన్న ఒక్క ఊహే బుర్రలో తిరుగుతోంది. సోమవారం పక్క పాళెంలో రాసినవాళ్ళలో ఎవరు ఏ బడి పిల్లలో, ఆ కాగితాలు కూడా ఇక దేనికీ పనికిరావని బెంగ. పత్రాలన్నీ లాక్కుని సంచిలో కుక్కుకున్నాను. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి పెన్సిలు తిరిగివ్వబోయింది. తీసుకోలేదు. రేవు దాకా టీచరమ్మ నా వెనకే నడిచింది. పడవ కదిలేటప్పుడు కూడా, "వస్తారమ్మా, కాసేపు ఉండండి" అంటూనే ఉంది.

అరువు పిల్లల సంగతి నా వ్యాసంలో రాయలేదు. దయ చూపానని నన్ను నేనే మెచ్చుకున్నాను. పట్టికలో ఆ బడి పేరుకు ఎదురుగా, 'అయిదో తరగతి విద్యార్థులు పరీక్షకు హాజరు కాలేదు' అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాను. మా ఆచార్యులు సంతోషించి ఒక ప్రతి విద్యాశాఖ పై ఆఫీసుకు పంపారు.

మరుసటి ఏడాది టీచరమ్మ నెల్లూరు బస్టాండులో ఎదురైంది. తప్పుకుపోదామనుకున్నాను, కానీ ఆమే నవ్వి దగ్గరికొచ్చింది. బడి ఎలా ఉందని అడిగాను.

"అయిదో తరగతి ఎత్తేసినారమ్మా. ఆర్డరులో మీరు రాసిన మాటే ఉండింది."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. సిగ్గుతో తల దించుకుని, అడగకూడనిదే అడిగాను.

"ఆ రోజు పిల్లలు నిజంగా వచ్చారా?"

"మీ పడవ పోయినాక గంటకే వచ్చినారు. తడి బట్టలతోనే వచ్చి కూర్చున్నారు. ఆయమ్మ మళ్ళీ వస్తాది, కాగితాలిస్తాది అని పొద్దుగూకేదాకా లేవలేదు. పదకొండు మందమ్మా. అందులో ఆడపిల్లలే ఏడుగురు."