అష్టమి నాటి పోటు గీత

మొన్న శనివారం ఉదయం 6.10కి నర్సీపట్నంలోని మా గుమ్మం ముందు కారు కదిలింది. కోటవురట్ల మీదుగా వెళ్లి, హైవే దాటి, నక్కపల్లి దిగువన ఇసుక తగిలేసరికి 7.40 అయింది, మీటరు మీద నలభై నాలుగు కిలోమీటర్లు. అక్కడి పాత రిసార్టు వరండాలో కాఫీ తాగుతుంటే, పక్క కాటేజీ దంపతులు గదిలోంచి అలలు కనబడవనీ, సముద్రానికి ఇంత దూరంగా కట్టినవాడికి బుద్ధి లేదనీ విసుక్కుంటున్నారు. ఆ బుద్ధిహీనతలో కొంత వాటా నాది కనుక నవ్వుకున్నాను.

నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, తొంభైల నడుమ ఆ రిసార్టు వార్త లేని జిల్లా పేజీ అరుదు. పునాది తీయకముందే ఊహాచిత్రం అచ్చయింది: పన్నెండు కాటేజీల వరస, వాటి మెట్లు అలల్లోకే దిగుతూ. మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరైన మా నాన్నగారు ఆ బొమ్మను కత్తిరించి మందులిచ్చే కిటికీకి అంటించారు, ఎందుకంటే పాలిటెక్నిక్ డిప్లొమా చేతపట్టుకుని నేను చేరిన మొదటి ఉద్యోగం ఆ స్థలంలోనే. సీసా పట్టుకుని వచ్చినవారు మందు సంగతి మరచి, సినిమావాళ్లు ఎప్పుడొస్తారని ఆయనను అడిగేవారు.

పోటు నీరు ఎంతవరకు వస్తుందో కొలిచి మేకులు పాతడం నా పని. లెవెల్ యంత్రం పెట్టి, మిల్లీమీటరు తేడా రాకుండా, ఒక్క రోజులో ముగించాను. మరునాడు చేపల గంపతో పోతున్న ఒక అవ్వ నా మేకులు చూసి ఆగి, ఎప్పుడు పాతావని అడిగింది. నిన్ననే అని చెప్పాను.

"అష్టమి నాడొచ్చి పోటు కొలిసినావేటి బాబూ? ఆ పూట సముద్రం తొంగుంటాది. మీ ఇంట్లో కేలండరు లేదేటి?"

ఉంది, కానీ చర్చివారిచ్చిన కేలండరు. అందులో ఆదివారాలు, వాక్యాలు తప్ప తిథులు ఉండవు. అష్టమికి పోటు చిన్నదని, పున్నమికి పెద్దదని చదువుకున్నాను గాని, ఆ రోజు ఏ తిథో చూడాలన్న ఆలోచనే రాలేదు. వెనక చాలా దూరాన ఇసుక దిబ్బ మీద బోర్లించిన తెప్పలను చూపించి, తుఫాను రోజుల్లో తమవాళ్లు వాటిని అక్కడికి లాగుతారని ఆవిడే చెప్పింది.

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పన్నెండు గదుల్లో మనుషులు పడుకుంటారు. మూడో రోజు మా సారుకి, అంటే కోటవురట్ల రైతు కుటుంబం నుంచి వచ్చిన మా ఇంజనీరు గారికి, చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"కొలత నా సంతకంతో ఎల్లింది, తప్పు నాదే అవుద్ది. నువ్వు పున్నమికి మళ్లీ కొలు."

పున్నమి నాడు ఉదయం తొమ్మిది దాటాక నీరు నా మేకులను దాటి పదకొండు మీటర్లు లోపలికి వచ్చింది. సారు అంతటితో తృప్తిపడక, యజమానితో నాలుగు రోజులు వాదించి, వరసను తెప్పల దిబ్బ దాకా, నలభై ఎనిమిది మీటర్లు వెనక్కి జరిపించారు. సముద్రానికి జడిసిన రిసార్టని పేపర్లు ఎగతాళి చేశాయి. విలేకరి అడిగితే కొలత తప్పింది తన వల్లేనని సారు చెప్పారు. ఆయన ఫొటోతో సహా వేశారు. ఆ పేపరు వచ్చిన పొద్దున నాన్నగారు కిటికీ మీది బొమ్మను తీసేసి, సారు కోసం ప్రార్థన చేయించడానికి చర్చికి వెళ్లారు.

ఆపైన హీరోయిన్లు వచ్చారు, అందాల పోటీ జరిగింది, రంగుల పేజీలు నిండాయి. రెండువేలు దాటాక ఒక కార్తీకంలో తుఫాను వచ్చి, మొదట అనుకున్న వరస స్థలాన్ని రాత్రికి రాత్రి కోసుకుపోయింది. ఆ వేళ కాటేజీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ క్షేమమన్న సంగతికి లోపలి పేజీలో మూడు లైన్లు దక్కాయి.

ఇప్పుడు పోటు వేళలు ఫోన్లోనే కనిపిస్తాయి. ఎవరినీ అడగనక్కరలేదు, అందుకే కాబోలు, ఆగి తప్పు చెప్పిపోయేవాళ్లూ కరువయ్యారు.

తుఫానులో పోయినవి: ప్రహరీ గోడ ముప్పై మీటర్లు, దీపస్తంభాలు నాలుగు, సరుగుడు మొక్కలు ఒక వరస. ప్రాణనష్టం లేదు. సారు పోగొట్టుకున్నవి: రిసార్టు రెండో దశ పని, జిల్లాలో మంచి ఇంజనీరన్న పేరు. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు.