కలిసినప్పటి ఏడుపు

మనుషులు ఎదురుపడితే నవ్వడం లోకరీతి. ఎక్కడో ఎడారి దేశాల్లో భుజాలు తాకించుకుంటారట. లంబాడా ఆడవాళ్లు మాత్రం చాన్నాళ్లకు కలిస్తే ఒకరి మెడ ఒకరు వాటేసుకుని, రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. ఆ తర్వాతే మంచినీళ్లు. ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి, లేకుంటే అది సాగదు.

మానుకోట పక్క తండాలో జమ్లీకి అందుకునేవాళ్లు కరువయ్యారు. ముందు భర్త గోప్యా పోయాడు. ఈడువాళ్లలో చివరికి మిగిలిన తుల్సీబాయి కూడా పోయింది. తండాలోని పడుచులకు ఆ రాగమంటేనే సిగ్గు.

తెలంగాణ కోసం మానుకోటలో రిలే దీక్షల టెంటు వేశాక, తండావాళ్ల వంతు రోజున జమ్లీ కూడా ఆటో ఎక్కింది. టెంటులో పక్కన కూర్చున్నది సుగుణమ్మ. భూములున్న ఇంటి పెద్దావిడ. సాయంత్రం దాకా ఇద్దరూ పస్తులుండి, కష్టసుఖాలు చెప్పుకున్నారు. మళ్లీ వంతు వచ్చేసరికి చాలా రోజులైంది. జమ్లీ వస్తూనే సుగుణమ్మ మెడ పట్టుకుని గొల్లుమంది. ఎదురుగా కునుకుతున్న పోలీసు ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైందే? ఎవరు పోయిన్రు?" అంది సుగుణమ్మ.

"ఎవ్వరు పోలే అక్కా. నువ్వు కండ్లవడ్డవ్, గంతే."

టెంటంతా నవ్వింది. సుగుణమ్మ కస్సుమంది. "సినిమాలల్ల మన మాటకు నవ్విన్రని కొట్లాడుతున్నం. మీరేమో ఈమె ఏడుపుకు నవ్వుతున్రా?" ఆ వెంటనే జమ్లీ చెవిలో, "జర మెల్లగ పట్టుకోవే, మెడ విరుగుతది" అంది.

రాను రాను సుగుణమ్మ అందుకోవడం నేర్చింది. రాగం కుదిరేది కాదు. కానీ పసితనంలోనే పోయిన కూతురి పేరు, ఇంట్లో ఎన్నడూ ఎత్తనిది, అక్కడ ఎత్తింది. జమ్లీ మోకాళ్లు పట్టేసినా, వంతు కాకపోయినా వచ్చేది.

రాష్ట్రం వచ్చింది. రంగులు చల్లుకున్నారు, టెంటు విప్పేశారు. ఆ రోజు మాత్రం ఇద్దరూ నవ్వారు. "గిప్పుడు ఇంటికే రాయే" అంది సుగుణమ్మ.

వానల్లో మోకాళ్లు కదలనివ్వలేదు. చలికాలంలో జమ్లీ సుగుణమ్మ ఇంటికి దారి అడుగుతూ వెళ్లింది. గేటు దగ్గరే, మనిషి కనబడకముందే, ఆనవాయితీ ప్రకారం రాగం ఎత్తుకుంది.

సుగుణమ్మ కొడుకు శ్రీపాల్ బయటికొచ్చాడు. "నీకెవరు చెప్పిన్రవ్వా? అమ్మ పోయి నెలాయె."

జమ్లీ రాగం మధ్యలోనే ఆపేసింది.

"ఆపకవ్వా, ఏడువు. దవాఖానల చుట్టు తిరుగుడే ఆయె. మేమెవ్వరం సక్కగ ఏడువనే లేదు."

"గది కలిసినోళ్ల ఏడుపు కొడుకా. సచ్చినోళ్లది కాదు."

గడపలో కోడలు నిలబడి ఉంది. జమ్లీ ఆమె వైపు రెండు చేతులూ చాచింది. పెద్దామెకు దూప అవుతున్నదేమో అనుకుంది కోడలు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ చేతుల్లో పెట్టింది.

జమ్లీ తాగలేదు. చెంబును గేటు పక్క గోడ మీద పెట్టి, ఆటోల వైపు నడిచింది.