పొయ్యి పక్క మంచం

మొన్న జడ్చర్ల బస్టాండులో ఒక కోడలు కనిపించింది. దవాఖాన నుంచి ఇంటికి తీసుకుపోతున్న అత్తకు చెవులు కప్పేలా శాలువా చుడుతోంది, చుడుతూనే కసురుతోంది. అచ్చం మా అత్తే అనుకున్నాను.

నేను కాపురానికి వచ్చింది పందొమ్మిది వందల యాభైల చివర్లో, జడ్చర్లకు నాలుగు కోసుల దూరంలో గొర్లు కాసుకునే ఇంటికి. ఆ ఇంట్లో మా అత్తకూ, ఆమె అత్త అయిన ముసలవ్వకూ ఒక్క క్షణం పడేది కాదు. పులుసులో ఉప్పు దగ్గర నుంచి గొర్రెపిల్లకు కట్టే తాడు దాకా అన్నిటికీ పేచీయే. వాళ్లు అరుచుకోని రోజున నాకే ఏదో వెలితిగా ఉండేది. అలాంటి ముసలవ్వ ఒక చలికాలం మంచం పట్టింది. నాలుగు రోజులుగా గంజి కూడా గొంతు దిగలేదు. ఆ పొద్దున పంతులు పంచాంగం చూసి, నక్షత్రం మంచిది కాదు, ప్రాణం ఇంట్లో పోతే మూడు నెలలు ఇల్లు విడిచిపెట్టాలన్నాడు. మా వైపు అది గట్టి పట్టింపు. అందుకే ఆఖరు గడియ అనిపించగానే మనిషిని వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టేవారు. మా మామ, ఆయన తమ్ముడు మంచం చెరో వైపు పట్టుకున్నారు. ముసలవ్వ కళ్లు తెరిచి, "బయట సలి పెడ్తాంది బిడ్డా, నన్ను తియ్యకుండ్రి" అంది. నేను కొత్త కోడల్ని, వద్దనే చనువు లేదు.

అంతలో మా అత్త వంటింట్లోంచి వచ్చి గడపకు అడ్డంగా కూర్చుంది. "మంచం దించుండ్రి. మూడు నెల్లు గొర్ల కొట్టంల ఉందాం. గొర్లు ఉంటలేవా, మనం ఉండలేమా?" అంది.

"నలుగురు ఏమనుకుంటరే?" అన్నాడు మామ.

"అనుకోనీ. సలి పెట్టేది ఆల్లకు గాదు గదా!"

మామ, ఆయన తమ్ముడు మంచం దించారు. అత్త మంచాన్ని పొయ్యి పక్కకు జరిపించి, గొంగడిని సెగకు కాచి అవ్వ కాళ్లకు చుట్టింది. "ఇప్పుడన్న నా మాట ఇను, కాళ్లు ముడుసుకోకు" అని కసిరింది కూడా. అవ్వ నవ్వింది. అమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం అవ్వ మా అత్త చెయ్యి పట్టుకునే, నిద్రపోయినట్టు వెళ్లిపోయింది.

అన్న మాట ప్రకారం ఇంటికి తాళం వేసి కొట్టంలో చేరాం. గొర్ల వాసన మా అన్నంలోకి కూడా వచ్చేది. "పొయ్యేటప్పుడు గూడ నన్ను సతాయించె ముసల్ది" అని మా అత్త రోజూ తిట్టేది, తిడుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకునేది. మా మూడు నెలలు ఎలాగో గడిచిపోయాయి. అవ్వకు మిగిలింది ఒక్క పగలు, అది వెచ్చగా గడిచింది.