మల్లన్న వాటా ఎటువైపు

2022 వేసవి. మార్కాపురంలో నేను ఆడిటర్‌గా ఆఫీసు తెరిచిన కొత్త. సుబ్బయ్య శెట్టిగారు, ఆయన కొడుకు రమేష్ వచ్చారు. వాళ్లది పలకల ఫ్యాక్టరీ. బడిపిల్లల పలకలకు గిరాకీ పడిపోయాక నేలకు పరిచే రాతి బిళ్లలు కోస్తూ నెట్టుకొస్తున్నారు. కొత్త కోత మిషన్‌కు బ్యాంకు లోను రాకపోతే ఇక షెడ్డుకు తాళమే. "అప్పులు ఎక్కువ, సొంత పెట్టుబడి తక్కువ" అని బ్యాంకువాళ్లు అప్పటికే ఒకసారి తిప్పి పంపారు.

ఆ అప్పుల్లో అన్నిటికన్నా పెద్దది ఎవరిదో చెబితే నవ్వుతారు. శ్రీశైలం మల్లన్నది! శెట్టిగారి తాత కాలం నుంచి లాభంలో స్వామికి ఒక వాటా తీసి వ్యాపారంలోనే ఉంచుతారు. శివరాత్రికి కొండకు నడిచిపోయే భక్తులకు దోర్నాలలో అన్నం పెట్టేది అందులోంచే. మిగిలింది ఏటేటా పేరుకుంది. మునుపటి లెక్కల్లో దాన్ని లయబిలిటీగా, అంటే ఒకరికి తీర్చాల్సిన బాకీగా రాశారు.

"అక్కా, దాన్ని ఈక్విటీలోకి మార్చు, లోను వచ్చేస్తది" అన్నాడు రమేష్. బాకీలన్నీ తీరాక మిగిలేదే ఈక్విటీ, యజమానుల వైపు సొమ్ము.

శెట్టిగారు కుర్చీలోంచి లేచారు. "ఏందిరా నువ్వనేది? స్వామి సొమ్ము మన సొమ్ములో కలుపుకుంటావా? ఫ్యాక్టరీ మూతబడితే పడనీ, నేను సంతకం పెట్టను."

రమేష్ ముఖం మాడిపోయింది. లోను కోసం అటుది ఇటు రాసే అలవాటు నాకూ లేదు. ఇవ్వక తప్పని సొమ్మా, కాదా? మా అకౌంటింగ్ ప్రమాణాలు ముందుగా అడిగేది అదే.

"బాబాయ్, లాభం రాని ఏడు స్వామికి ఎంత తీస్తారు?"

"లాభమే లేకుంటే ఏం తీస్తామమ్మా?"

"నష్టమొస్తే?"

"కరోనా అప్పుడు మాకెట్ల కోత పడిందో ఆయన వాటాకూ అట్లనే పడింది. మా తాత పెట్టిన పద్ధతే అది."

"మరి వడ్డీ?"

"స్వామికి వడ్డీ ఏందమ్మా!"

పాత లెక్కలు తిరగేశాను. ఆయన చెప్పినట్టే ఉంది. అప్పిచ్చినవాడికి మన నష్టంతో పనిలేదు, వాటాదారు మాత్రం నష్టాన్నీ పంచుకుంటాడు. మేము పుస్తకాల్లో చదివి పరీక్షలు రాసిన ఆ తేడాను ఈ ఇంట్లో మూడు తరాలుగా దేవుడితో కలిసి పాటిస్తున్నారు.

"బాబాయ్, స్వామి మీకు అప్పివ్వలేదు. మీతో పొత్తు కలిశాడు. రేపు ఫ్యాక్టరీ మునిగితే బ్యాంకుకూ కూలీలకూ అందరికీ ఇచ్చాక మిగిలితేనే మీకైనా, ఆయనకైనా. ఆయన ఖాతా కలపను, వేరుగానే ఉంచుతాను. కాకపోతే మీ వైపు రాస్తాను."

"అంటే, మేము మునిగితే ఆయనా మాతోపాటే మునుగుతాడా?"

"అవును బాబాయ్."

శెట్టిగారు మెల్లగా కూర్చున్నారు. కండువాతో కళ్లు తుడుచుకున్నారు. "కరోనాకు షెడ్డు మూసుకొని కూర్చున్న దినాల్లో, స్వామికి బాకీ పడితినే అని ఎంత ఏడ్చినానో. ఆయన నా పక్కనే కూర్చున్నాడన్నమాట."

చేతులు జోడించి, తర్వాత పెన్ను అడిగారు.

లోను వచ్చింది. మిషన్ తిరుగుతోంది. ఈక్విటీకీ లయబిలిటీకీ తేడా ఏమిటని మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు అడిగితే, ప్రమాణం తెరిచే ముందు నేనొకటి అడుగుతాను: నష్టమొచ్చిన రోజు ఆ సొమ్ము తాలూకు మనిషి వసూలుకని గుమ్మం ముందు నిలబడతాడా, లోపలికొచ్చి మన పక్కన కూర్చుంటాడా?