వెచ్చని నేల కోసం మా బావ తెచ్చిన టేకు

నేల కింద హీటరు పెట్టిస్తానని మా బావ శ్రీనివాస్ రావు అన్నప్పుడు తాగుతున్న చాయ్ కప్పు కింద పెట్టేశాను. ఊరేమో కోరుట్ల! ఎండాకాలం వస్తే బండల మీద కాలు పెట్టలేం.

"బావా, మీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను.

"మీ అక్క కాలు చూడు సుమిత్రా, గప్పుడు మాట్లాడు," అన్నాడు.

మా అక్క శోభారాణికి పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. మెల్లగా కొంత బలం వచ్చింది. రోజూ ఉత్త కాళ్లతో నడవకపోతే ఆ బలమూ పోతుందని డాక్టరు భయపెట్టాడు. చలికాలం బండ తగిలితే చాలు, ఆ కాలు కొంకర్లు పోయేది. మంచం దిగనంటే దిగనని మొండికేసింది.

మా బావది ఉడుంపట్టు. హైదరాబాద్ దుకాణాలన్నీ తిరిగాడు. మందపాటి పలకలు వేస్తే వేడి పైకి రాదని, ఎండి సందులు పడతాయని, బాగా ఆరిన చెక్కను పలచగా కోసి ప్లైవుడ్ మీద అతికించాలని వాళ్లు చెప్పారు. "బజార్ల కొత్త చెక్కను నేను నమ్మ," అన్నాడు. పాత టేకేదో జగిత్యాల మిల్లులో కోయించాడు. ఎక్కడిదంటే మీసాల్లో నవ్వుకునేవాడు.

పని అయ్యాక మా సిరిసిల్ల నుంచి వెళ్లి చూశాను. అబ్బ, ఎండలో ఆరేసిన బొంత మీద కాలు పెట్టినట్టే ఉంది! అక్కను చెరో రెక్కా పట్టుకుని దింపాం. కాలు ఆనించింది. కొంకర పోలేదు. ముఖం వెలిగిపోయింది.

"ఎంత ఎచ్చగుందే! ఏం కట్టె ఇది?"

బావ ఛాతీ విరిచాడు. "మన మల్లాపూర్ పాత ఇంటిదే శోభా! ఇల్లు విప్పినప్పుడు దాపెట్టిన గడపలన్ని కోపిచ్చిన. తాతల కాలంల ఆరిన టేకు, జన్మల వంగది."

 ఈ మనిషికి బుద్ధి ఉందా అసలు!

"గడపలా?" అక్క కాళ్ల కిందికి చూసింది. "పెండ్లయిన కాన్నుంచి పసుపు రాసి మొక్కిన గదా! వాటినే నన్ను తొక్కుమంటరా? పాపం తగులదా?"

మా చేతులు విదిలించుకుంది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, గది దాటి, హాల్లోని చల్లటి బండలు దాటి, వరండా స్తంభం దాకా పోయింది. ఎవ్వరి ఆసరా లేదు!

 బావ గది నడుమ నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "శోభా, నడిచినవే! నువ్వు నడిచినవ్!"

అక్క స్తంభం పట్టుకుని రొప్పుతూ అరిచింది. "నడిచిన సంగతి తర్వాత! ముందు మీరు దిగుండ్రి, ఆ గడపల మీదికెల్లి!"