కిటికీ గాడిలో ఆకాశం

పదేళ్ళ కిందట ఎచ్చెర్లలో మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో ఒక పసుపుపచ్చ మినీబస్సు ఉండేది. అది నాది. ఒక బడి వాళ్ళు వాడి వదిలేసిన బండి. సీట్లు పీకించి, రెండు పడకలు కొట్టించి, వెనక ఒక గ్యాసు పొయ్యి, నీళ్ళ డ్రమ్ము పెట్టించాను. దాన్ని నేను మోటార్ హోమ్ అనేవాణ్ణి. వీధిలో వాళ్ళు ఇల్లుబస్సు అనేవారు. నా భార్య 'అది' అనేది.

అప్పట్లో నేను ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసేవాణ్ణి. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. లోలకాలు, శృతిదండాలు బీరువాలోంచి తీసి బల్లల మీద పెట్టడం, సాయంత్రం మళ్ళీ బీరువాలో సర్దడం. అయినా ఇరవై ఏళ్ళు శృతిదండాలు మోసిన మనిషికి ధ్వనిశాస్త్రం దానంతట అదే వచ్చేసి ఉంటుందని నా నమ్మకం. ఆ నమ్మకం వల్లే ఈ కథంతా జరిగింది.

బస్సుకి ఎనిమిది కిటికీలు. ఒక్కోదానికి పక్కకి జరిపే అద్దాలు రెండేసి. బండి ముప్పై దాటగానే ఒక కిటికీ గలగల మొదలెట్టేది. నలభైకి ఎనిమిదీ అందుకునేవి. యాభై దాటితే నా హారన్ నాకే వినపడేది కాదు. మొదటిసారి శ్రీకాకుళం దాకా వెళ్ళి వచ్చాక నా భార్య దిగి, చెవులు రుద్దుకుని, "గిన్నెల కొట్టుని కొండ మీంచి దొర్లించినట్టున్నాది," అంది.

ఆవిడ మా బాప్టిస్టు చర్చిలో పిల్లలకు ఆదివారం బడి చెప్పేది. ప్రతి మే నెలలోనూ గజపతినగరం దగ్గర ఒక ఊళ్ళో ఐదు రోజులు పిల్లలకి వేసవి బడి నడిపేది. గుంటల బడి అనేది దాన్ని. పాటలు, కథలు, సాయంత్రానికి గొంతు బొంగురు. ఈ బస్సులో మాట్లాడాలంటే అరవాలి కాబట్టి, ఊరు చేరకముందే గొంతు పోతుందని ఆవిడ భయం. అందుకని ఒక షరతు పెట్టింది.

"ఈసారి గుంటల బడికి దీన్లోనే ఎల్దాం. ఎల్లేటప్పుడు ఈ రొద ఉన్నాదంటే, వచ్చేక అమ్మీండి. నేదంటే ఉంచుకోండి. మరింక నేనేటీ అనను."

నాకు రెండు నెలల గడువు.

ఆవిడ తమ్ముడికి నరసన్నపేటలో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే కొట్టుంది. ఒక ఆదివారం భోజనానికి వచ్చి, బస్సెక్కి, కిటికీ గాడిలో వేలు పెట్టి ఈ చివర్నించి ఆ చివరికి లాగాడు.

"బొచ్చు అరిగిపోనాది బావా," అన్నాడు. అద్దం జరిగే గాడిలో మెత్తటి నూగు పట్టీ ఒకటుంటుంది. అదుంటే అద్దం కదలకుండా, చప్పుడు లేకుండా జరుగుతుంది. "బొచ్చు బీడింగు ఏస్తే సరి. బండి కొట్టుకి తెచ్చీ. ఒక పూట పని."

అంతటితో ఆపి ఉంటే తీసుకెళ్ళేవాణ్ణేమో. వాడు నవ్వి, "సైన్సు కాలేజీలో పని సేస్తన్నావు, ఈ మాత్రం తెల్దేటి?" అన్నాడు.

"ఇది బొచ్చు సమస్య కాదు. రెజొనెన్స్," అన్నాను.

"అదేటో నాకు తెల్దు గానీ, బొచ్చు మాత్రం నేదు."

వాడు చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. తెలిసే రెండు నెలలు వాడి కొట్టు వైపు బండి తిప్పలేదు. ముందు అట్టముక్కలు మడిచి సందుల్లో దోపాను. రణస్థలం చేరేసరికి అన్నీ ఊడి పడకల మీదున్నాయి. తరవాత చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి గాడుల్లో పోశాను. రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజు ఎండకి మైనం కరిగి నా భార్య తలగడ మీద కారింది. ఆ తలగడ ఇప్పటికీ ఉంది, ఒక పక్క గట్టిగా.

సైకిల్ ట్యూబు పట్టీలు కోసి కూరినప్పుడు మాత్రం గెలిచాననుకున్నాను. కిటికీలు కిక్కురుమనలేదు. తెరుచుకోనూ లేదు. ఏప్రిల్ ఎండలో రోడ్డు పక్కన ఆగిన బస్సులో మేమిద్దరం కాళ్ళు గోడకి తన్నిపెట్టి కిటికీ లాగుతుంటే, పిడి ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. ఆవిడ దాన్ని నా జేబులో వేసి, "ఎల్లుదాం పదండి," అంది. నేను చెప్పబోయిన ధ్వనిశాస్త్రం నోట్లోనే ఉండిపోయింది.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా, ఆవిడ పాటలు నేర్పడానికి చర్చికి వెళ్ళింది. నేను మంచం కింది ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాను.

అందులో అడుగున, కాగితం కింద, ఒక పెద్ద నూగు గుడ్డ ఉండేది. పైసగం ఆకాశం, లేత నీలం. కిందిసగం పచ్చిక, ఆకుపచ్చ. దాన్ని పలక మీద పరిచి, వెనక గరుకు గుడ్డ అంటించిన కాగితం బొమ్మలు పెడితే జారకుండా అతుక్కునేవి. మనిషిని నడిపించవచ్చు, పడవని తోయవచ్చు, సూర్యుణ్ణి దించవచ్చు. ఆవిడ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదువుకుంది. అక్కడి పెద్ద టీచరమ్మ ఆ గుడ్డ మీదే కథలు చెప్పేవారు. పోయే ముందు పిలిచి మరీ దాన్ని ఈవిడ చేతికిచ్చారు.

ఏమిటో తెలియక ఆ గుడ్డ కత్తిరించానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. తెలుసు. ఆ ఏడాది చర్చి వాళ్ళు కొత్త ఫ్లెక్స్ బొమ్మలు వేయించారు, ఇక ఈ పాతగుడ్డతో ఆవిడకేం పని అనుకున్నాను. ఆవిణ్ణి అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలుసు కాబట్టే అడగలేదు.

ముందు ఆకాశం కత్తిరించాను. ఐదు కిటికీలకి సరిపోయింది. మిగిలిన మూడింటికీ పచ్చిక. జిగురు రాసి గాడుల్లో అంటించి, ఆరాక అద్దం జరిపాను. వెన్నలో కత్తి దిగినట్టు జరిగింది. బండి తీసి నాలుగు కిలోమీటర్లు తోలాను. ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆనందంతో నాకు కన్నీళ్ళొచ్చాయి. సిగ్గుతో రావలసినవి అవి.

ఇంటికొచ్చి, పెట్టె అడుగు ఖాళీగా కనపడకుండా నా పాత గళ్ళ లుంగీ మడిచి కాగితం కింద పెట్టాను. గుడ్డ కత్తిరించడాన్ని తొందరపాటు అనుకోవచ్చు. లుంగీ పెట్టడం మాత్రం ఆలోచించి చేసిన పని.

"శ్రీకాకుళంలో దొరికింది బీడింగు," అన్నాను ఆవిడతో. ఆవిడ కిటికీలన్నీ ఒకటికి రెండుసార్లు జరిపి చూసింది. "మీకూ పనొచ్చునండీ," అంది. మా పెళ్ళయ్యాక ఆ మాట అనడం అదే మొదలు. నేను తలొంచుకున్నాను. వినయం అనుకుని ఉంటుంది.

బయల్దేరే రోజు పాటలకి కంజీర కొట్టడానికి ఆవిడ తమ్ముడూ వచ్చాడు. బస్సెక్కి, అలవాటు కొద్దీ గాడిలో వేలు పెట్టి లాగి, వేలు చూసుకున్నాడు. కొసన నీలంగా నాలుగు పోగులు.

"బావా, ఇరవై రకాల బీడింగు అమ్మినాను. ఆకాసం రంగుది మాత్రం మా కొట్టుకి ఎప్పుడూ రానేదు."

"కొత్తగా వచ్చింది," అన్నాను.

వాడు నా మొహం చూశాడు, వాళ్ళక్క మొహం చూశాడు, ఆ పోగులు చొక్కాకి తుడుచుకుని కంజీర అందుకున్నాడు.

నాతవలస దగ్గర మలుపు తిరిగి విజయనగరం దాటే దాకా నా భార్య మామూలు గొంతుతో కబుర్లు చెప్తూనే ఉంది. ఆ తరవాత సన్నగా పాట అందుకుంది. గజపతినగరం చేరేసరికి గొంతు గంటలా ఉంది. షరతు గెలిచాను. బస్సు నాది.

ఊళ్ళో చర్చి ముందు రేకుల షెడ్డు కింద అరవైమంది పిల్లలు కూర్చుని ఉన్నారు. ఫ్లెక్స్ బొమ్మలు చూసి పావుగంటలో ఆవలించారు. ఆవిడ ఫ్లెక్సుని చుట్టేసి, "దీంట్లో సేప కదలదు. సేప కదలాల," అని బస్సులోంచి తన ట్రంకుపెట్టె తెప్పించింది. బిస్కెట్ల డబ్బాలోంచి బొమ్మలు తీసింది. పడవ, తుపాను మబ్బు, దేవుడు వెళ్ళమన్న చోటికి వెళ్ళక పారిపోయే మనిషి, వాణ్ణి మింగే పెద్ద చేప. తరవాత కాగితం ఎత్తి, మడత తీసి, అరవైమంది ముందు రెండు చేతులతో బారుగా పరిచి పట్టుకుంది.

నా గళ్ళ లుంగీ.

పిల్లలు ఒక క్షణం చూసి పగలబడి నవ్వారు. ఆవిడ నవ్వలేదు. లుంగీని అటూ ఇటూ తిప్పింది. "కంగార్లో మార్సెట్టీసినాను కాబోలు," అంది నాతో, మెల్లగా. "నాకేటయ్యిందండీ? టీచరమ్మ గుడ్డ ఎక్కడెట్టీసినాను? అంత మతిమరుపు వచ్చీసిందేటి నాకు?"

అప్పుడు చెప్పవలసింది. చెప్పలేదు. "ఇంట్లో ఉంటుందిలే," అన్నాను. ఆవిడ తనని తాను తిట్టుకుంటూ పెట్టె మళ్ళీ మొదటినించీ వెతకడం నిలబడి చూశాను. నా తప్పులన్నిట్లో ఇది పెద్దది. కత్తెర కన్నా, లుంగీ కన్నా పెద్దది.

షెడ్డు పక్కనే బస్సు ఆపి ఉంది. ఆవిడ తమ్ముడు కంజీర పక్కన పెట్టి, బస్సు దగ్గరికెళ్ళి, బయట నిలబడి ఒక కిటికీ అద్దం జరిపాడు. తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. అద్దమూ మాట్లాడలేదు. నా కేసి చూస్తూ అలా జరుపుతూనే ఉన్నాడు. ఆ కిటికీ గలగలలాడుతుంటే బాగుండునని అప్పుడనిపించింది నాకు.

ఆవిణ్ణి బస్సు వెనక్కి పిలిచి చెప్పాను. గుడ్డ సంగతి, లుంగీ సంగతి, శ్రీకాకుళం సంగతి. ఆవిడ విని, కిటికీ దగ్గరికెళ్ళి, గోటితో గాడిలో గీరి ఒక పట్టీ చివర పైకి లాగింది. నీలం.

"ఇది ఆకాసం," అంది.

"ఔను."

"ఆవిడ నా సేతికిచ్చిన ఆకాసం."

షెడ్డులో పిల్లలు చేప ఏదని గోల పెడుతున్నారు. ఆవిడ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, బస్సెక్కి, పడక మీది కంబళి తెచ్చింది. అరకు చలికని కొన్న గరుకు ఉన్ని కంబళి అది. అరకు మేమెప్పుడూ వెళ్ళలేదు.

"కప్పుకోండి," అంది.

"ఎండ నలభై దాటింది."

"గుంటలు సూస్తన్నారు. కప్పుకోండి."

కంబళి మెడ నించి మోకాళ్ళ దాకా చుట్టి, పిన్నీసులు పెట్టి, నన్ను పిల్లల ముందు నిలబెట్టింది. ఒక బొమ్మ తీసి నా ఛాతీ మీద పెట్టింది. అతుక్కుంది. పడవ నా కడుపు మీద. మబ్బు ఎడమ భుజం మీద.

"ఊపిరి బిగపట్టండి. పడవ మునిగిపోతన్నాది."

"మునగాలి కదా కథలో?"

"నేను సెప్పినప్పుడు మునగాల."

కథ మొదలెట్టింది. నా నుదుటి చెమట మబ్బు మీద పడుతుంటే, "సూడండి, వాన మొదలయ్యింది," అంది. పిల్లలు ముందుకు జరిగారు. పారిపోతున్న మనిషిని నా భుజం మీంచి కడుపు దాకా నడిపించి, చేప నోట్లో పెట్టి, "సెప్పిన మాట ఇననోడికి ఏటయ్యిందర్రా?" అని అడిగింది.

"సేప మింగీసింది టీచర్," అన్నారు అరవైమందీ.

"ఒక పూట ఉంచుదామేటి లోపల?"

"మూడు రోజులు టీచర్," అని ఎవరో సరిదిద్దారు.

వెనకనించి ఆవిడ తమ్ముడు, "ఐదు రోజులక్కా. బడి ఐదు రోజులు కదా," అన్నాడు.

ఐదు రోజులూ నిలబడ్డాను. రెండో రోజు గొర్రెలు, మూడో రోజు సింహాలు. మెడంతా చెమటకాయలు. ఆఖరి రోజున పిల్లలు టీచరు కన్నా ముందు 'కంబళి తాత' వచ్చాడా అని అడిగారు. అప్పటికి నాకు నలభై ఏడేళ్ళే.

తిరుగు ప్రయాణంలో ఆవిడ వెనక కిటికీ దగ్గర కూర్చుంది. గజపతినగరం దాటగానే ఏదో చిన్నగా గలగలమంది. డ్రైవరు పక్క అద్దంలో వెనక్కి చూశాను. ఆవిడ గాడిలోంచి పట్టీ ఊడదీసి, రిబ్బనులా వేలికి చుట్టుకుంటోంది. అదయ్యాక పక్క కిటికీకి జరిగింది. విజయనగరంలో నాలుగు మోగుతున్నాయి. నాతవలస దగ్గర ఆరు. రణస్థలం దాటేసరికి ఎనిమిదీ పాత పాటే అందుకున్నాయి. వాళ్ళ తమ్ముడు పడక మీద కంబళి ముసుగేసుకుని నిద్ర నటిస్తున్నాడు. ఆ మోతలో ఎవడూ నిద్రపోలేడు.

బస్సుకి అవే ఆఖరి కిలోమీటర్లనుకుని నెమ్మదిగా తోలాను. ఎచ్చెర్లలో మా ఇంటి వైపు తిప్పబోతుంటే ఆవిడ వచ్చి నా సీటు పక్కన నిలబడింది.

"ఎక్కడికి?"

"ఇంటికి. రొద ఉంటే అమ్మెయ్యమన్నావు కదా."

"ఎల్లేటప్పుడు అన్నాను. ఎల్లేటప్పుడు నేదు కదా." ఆవిడ నా చెవి దగ్గరికి వంగి అరవవలసి వచ్చింది. "తిన్నగా నరసన్నపేట పోనివ్వండి. ఆడ్ని మీరే అడగాల. నేను అడగను."

మా ఇంటి ముందు నించే, శ్రీకాకుళం మీదుగా, గిన్నెల కొట్టు దొర్లించుకుంటూ నరసన్నపేట వెళ్ళాం. కొట్టు ముందు బండి ఆపాక చెవుల్లో చాలాసేపు మోత తగ్గలేదు. ఆవిడ తమ్ముడు ఒళ్ళు విరుచుకుని లేచి, ఇప్పుడే ఊళ్ళోకి వచ్చినట్టు నా కేసి చూశాడు.

"బావమరిదీ," అన్నాను. "గాడుల్లో బొచ్చు అరిగిపోయింది. బీడింగు వెయ్యాలి."

"రెజొనెన్స్ కాదేటి?"

"కాదు."

"ఏ రంగు ఏయమంటావు? ఆకాసం రంగు మాకాడ నేదు."

"నలుపు వెయ్యి."

వాడు మీటరు టేపు తెచ్చుకున్నాడు. నా భార్య ట్రంకుపెట్టె తెరిచి, నీలం చుట్టనీ పచ్చ చుట్టనీ బిస్కెట్ల డబ్బాలో చేప పక్కన పెట్టి మూత బిగించింది. అడుగునున్న గళ్ళ లుంగీ తీసి నా చేతికిచ్చింది. వాడు పనిచేస్తున్నంత సేపూ నేను దానితో అద్దాలు తుడిచాను. పదహారు అద్దాలు, రెండు వైపులా.